సంచి నిండుతుందని నీళ్లు మానేశాడు

పెళ్లికి వెళ్తున్న మనిషి ఏం సర్దుకుంటాడు? రెండు జతల బట్టలు, షేవింగ్ సెట్టు, చదివింపుల కవరు. 2022 మే నెలలో గుంటూరు నుంచి ఖమ్మం బయల్దేరిన మా పెద్దమ్మ కొడుకు వీటితోపాటు మూడు ప్లాస్టిక్ సంచులు, చిన్న కత్తెర, దూది, మెత్తటి గుడ్డముక్కలు, కొన్ని నల్ల కవర్లు కూడా పెట్టుకున్నాడు. మంచినీళ్ల సీసా మాత్రం పెట్టుకోలేదు. మర్చిపోయి కాదు... కావాలనే!

'బస్సులో గంటల తరబడి కూర్చోవాలి. తాగితే సంచి నిండుతుంది. నిండితే ఖాళీ చేయాలి. అంతమంది మధ్య ఎక్కడికి వెళ్లి చేయను?' అన్నది ఆయన లెక్క. లెక్కల మాస్టారు కదా, ముందురోజు రాత్రి భోజనం కూడా తీసేసి ఆ లెక్కను సరిచేసుకున్నాడు.

తలంబ్రాల వేళకి కాళ్ల పిక్కలు పట్టేశాయి. నాలుక పిడచకట్టింది. కళ్లు తిరిగి కుర్చీల మధ్య పడిపోయాడు. 'ఎండదెబ్బ' అన్నారంతా. ఒకరు కొబ్బరినీళ్లు పట్టారు, ఒకరు సోడా తెచ్చారు. అవీ వాంతయిపోయాయి. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే ఒంట్లో సోడియం బాగా పడిపోయింది, క్రియాటినిన్ పెరిగిపోయింది. అంటే కిడ్నీల మీద దెబ్బ పడిందన్నమాట. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించాక గానీ మామూలు మనిషి కాలేదు.

ఈ శీర్షికలో ఇంటివాళ్ల సంగతులు రాయడం నాకు అలవాటు లేదు. ఈ వారం రాయమన్నది అన్నయ్యే. 'పేరు వద్దు. మిగతాదంతా రాయి. నాలాగా దాచుకుని పడిపోయేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో' అన్నాడు.

జబ్బు పోయింది... పేగూ పోయింది!

అన్నయ్యకు వచ్చిన జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడుతుంది. సాధారణంగా మలాశయం దగ్గర మొదలై పైకి పాకుతుంది. రక్తం, జిగురుతో విరేచనాలు, కడుపునొప్పి, నీరసం, బరువు తగ్గడం... కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ విరుచుకుపడుతుంది. జపాన్ ప్రధాని షింజో అబే 2007లో ఒకసారి, 2020లో మరోసారి పదవి వదులుకున్నప్పుడు పత్రికల్లో చదివే ఉంటారు. ఆయన్ని వేధించింది ఈ జబ్బే.

చాలామందికి ఇది మందులతోనే అదుపులో ఉంటుంది. మందులకు లొంగకపోయినా, రక్తస్రావం ఆగకపోయినా, పేగు ఉబ్బి చిల్లుపడేలా ఉన్నా, పొరలో క్యాన్సర్ వైపు నడిచే మార్పులు కనిపించినా ఆపరేషన్ తప్పదు. ఈ జబ్బు ఉండేది పెద్దపేగులో, మలాశయంలో. కాబట్టి ఆ రెండింటినీ తీసేస్తే పుండ్లు పడటానికి చోటే ఉండదు.

అన్నయ్యకు 2021లో అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. ఇలాంటప్పుడు చాలాచోట్ల పనిని రెండు మూడు విడతలుగా చేస్తారు. మొదట పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి బయటికి తెస్తారు. ఆ ద్వారాన్నే స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. విరేచనం దాని మీద అతికించిన సంచిలోకి వస్తుంది. మనిషి కోలుకున్నాక రెండో విడతలో మలాశయం తీసేసి, చిన్నపేగు చివరనే మడిచి లోపల ఒక తిత్తిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు. దీన్ని పౌచ్ అంటారు. ఆ కుట్లు మానేదాకా మలం అటు వెళ్లకుండా పైన ఇంకో స్టోమా ఉంచుతారు. చివరి విడతలో దాన్ని మూసేస్తారు.

పెళ్లికి వెళ్లేనాటికి అన్నయ్య రెండో విడత దాటి, మూడో విడత కోసం ఎదురుచూస్తున్నాడు. అంటే సంచి ఉందన్నమాట.

తినకపోయినా ఎందుకు వస్తుంది?

మనం రోజూ తినేదీ తాగేదీ కలిపి సుమారు 2 లీటర్లనుకుంటే... లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగుల ఊటలు కలిపి శరీరమే ఇంకో 7 లీటర్ల దాకా పేగుల్లోకి వదులుతుంది. చిన్నపేగు అందులో ఎక్కువ భాగాన్ని తిరిగి పీల్చేసుకుంటుంది. మిగిలిన లీటరు, లీటరున్నర పెద్దపేగుకు చేరుతుంది. ఆ నీటినీ, అందులోని ఉప్పునూ పిండుకుని ఒంటికి అప్పజెప్పడమే పెద్దపేగు చేసే పెద్ద పని.

ఆ పెద్దపేగే లేనప్పుడు? నీరూ ఉప్పూ నేరుగా సంచిలోకి పోతాయి. కుదుటపడ్డాక రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల వరకూ రావడం మామూలే. లీటరున్నర, రెండు లీటర్లు దాటుతోందంటే ప్రమాదమే. తిండి మానేసినా ఊటలు పూర్తిగా ఆగవు కాబట్టి రావడం తగ్గుతుందేగానీ ఆగదు. లోపలికి చుక్క పోకుండా బయటికి పోతూనే ఉంటే, ఆ లోటును శరీరం ఎక్కడినుంచి పూడ్చుకోవాలి? పైగా మే నెల ఎండ, చెమట. ఆరోజు అన్నయ్య లెక్క తప్పింది అక్కడే.

ఇందులో ఇంకో తిరకాసూ ఉంది. దాహం వేస్తోందని వట్టి నీళ్లే చెంబులకొద్దీ తాగినా మేలు జరగదు. ఉప్పులేని నీళ్లు చిన్నపేగులోకి చేరితే, ఒంట్లోని సోడియం ఆ నీళ్లలోకి వచ్చి రెండూ కలిసి బయటికి పోతాయి. తాగినకొద్దీ సంచి నిండుతుంది, నీరసం పెరుగుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కాబట్టి వాటినే నమ్ముకోకూడదు. కూల్‌డ్రింకులు, తీపి జ్యూసులైతే పేగులోకి ఇంకా నీటిని లాగుతాయి.

మరేం తాగాలి? ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో, సాధారణంగా ఒక లీటరులో, కలిపి రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ మంచివే. మెత్తటి అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ విరేచనాన్ని చిక్కబరుస్తాయి. ఎక్కువగా పోతుంటే దాన్ని తగ్గించే మాత్రలు డాక్టర్లు ఇస్తారు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత ఉప్పు వాడాలో డాక్టర్‌నే అడగాలి. నీటి మాత్రలు, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడుతున్నా ఆ సంగతి చెప్పాలి. ఒంట్లో నీరు ఇలా తరచూ తగ్గిపోతుంటే కిడ్నీల్లో రాళ్లూ ఏర్పడతాయి.

ఇదంతా ఆపరేషన్ చేసినచోట చెప్పలేదా? ఒక కాగితం ఇచ్చారట. 'ద్రవాలు ఎక్కువగా తీసుకోవలెను' అని ఉంది అందులో. ఏ ద్రవాలో, ఎందుకో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అన్నయ్య అడగనూ లేదు. 'పక్కన మీ వదిన ఉంది, నర్సమ్మ చిన్నపిల్ల. సంచి గురించి ఏం అడుగుతాం?' అన్నాడు.

సంచి ఉన్నంతకాలం...

నీళ్ల సంగతి ఒక్కటే కాదు. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి.

చర్మం ఒరుసుకుపోవడం: చిన్నపేగు నుంచి వచ్చేదాంట్లో జీర్ణరసాలుంటాయి. అవి చర్మానికి తగిలితే పుండు చేస్తాయి. సంచి అంచుకు కత్తిరించే రంధ్రం స్టోమా సైజుకు సరిగ్గా ఉండాలి. ఆపరేషనైన తొలి వారాల్లో స్టోమా వాపు తగ్గుతూ వస్తుంది. కాబట్టి మొదట్లో కత్తిరించిన కొలతే చివరిదాకా పనికిరాదు. మళ్లీ మళ్లీ కొలుచుకోవాలి.

పేగు అడ్డుపడటం: మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పుట్టగొడుగులు, మునగకాయ పిప్పి, సరిగా నమలని వేరుశెనగలు ద్వారం దగ్గర ఇరుక్కోవచ్చు. లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని మెలిపడటం వల్ల కూడా ఇలా అవుతుంది. ఇది ఆపరేషనైన కొన్నేళ్లకైనా రావచ్చు. కొన్ని గంటలుగా సంచిలోకి ఏమీ రాకుండా కడుపు మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు ఉంటే ఇంటివైద్యం పనికిరాదు. విరేచనాల మందు అసలే వేయకూడదు.

హెర్నియా: స్టోమా పక్కన కండ బలహీనపడి పేగు ఉబ్బెత్తుగా రావచ్చు. బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తే పనికి కొన్నాళ్లు దూరంగా ఉండాలి.

మాత్రలు: ఒంట్లో నెమ్మదిగా కరిగేలా తయారుచేసినవి, పైన గట్టి పూత ఉన్నవి కరగకుండానే సంచిలోకి వచ్చేయవచ్చు. బీపీకో, షుగర్‌కో డాక్టర్ మందు రాస్తుంటే పెద్దపేగు లేదన్న మాట ముందే చెప్పాలి.

ఆపరేషనైన తొలి వారాల్లో జ్వరం, పొత్తికడుపులోనో నడుం కిందో నొప్పి వస్తే లోపలి కుట్ల దగ్గర లీకై చీముపట్టిందేమో చూడాలి. కాలు వాచినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో పరీక్ష చేయించాలి.

రాత్రిపూట మోటారు చప్పుడు

అదే ఏడాది చివర్లో అన్నయ్యకు స్టోమా మూసేశారు. సంచి పోయింది. ఇంట్లో పండగే! పౌచ్ ఉన్నవాళ్లు రోజుకు ఐదు నుంచి ఎనిమిదిసార్లు, రాత్రి ఒకసారి వెళ్లడం మామూలే. రక్తంతో పాతికసార్లు పరుగెత్తిన మనిషికి అదెంత!

2023 దసరా తర్వాత మళ్లీ మొదలైంది. పది, పన్నెండుసార్లు. ఆపుకోలేనంత తొందర. కాస్త రక్తం, ఒళ్లు వెచ్చబడటం. అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్లు మాటిమాటికీ ట్యాంకు ఖాళీ అవుతోందని, అర్ధరాత్రి మోటారు వేయాల్సి వస్తోందని వదినకు అనుమానం వచ్చింది. నిలదీస్తే అప్పటికి మూడు వారాలైందని తేలింది.

'జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. ఇంకో ఆపరేషన్ అంటారని భయం. అమ్మ ఏమైపోతుందోనని చెప్పలేదు' అన్నాడు.

డాక్టర్ చిన్న గొట్టం వేసి చూశారు. పౌచ్ లోపలి పొర వాచింది. దీని పేరు పౌచైటిస్. అల్సరేటివ్ కొలైటిస్ కోసం పౌచ్ కుట్టించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఎక్కువమందికి రెండు వారాల యాంటీబయోటిక్స్‌తో తగ్గిపోతుంది. అన్నయ్యకు నాలుగో రోజుకే తేడా తెలిసింది. మూడు వారాలు నిద్రలేకుండా మోసిన భయానికి మందు కొన్ని మాత్రలు!

అందరికీ ఇంత తేలిగ్గా పోదు. కొంతమందికి మళ్లీ మళ్లీ వస్తుంది. కొద్దిమందికి ఏళ్ల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. పౌచ్‌ని కలిపినచోట దారి సన్నబడటం, మలద్వారం దగ్గర మిగిల్చిన కొద్దిపాటి పాత పొరలో వాపు రావడం కూడా ఉన్నాయి. ఎంత చేసినా పౌచ్ పనిచేయక, తిరిగి శాశ్వతంగా సంచికి రావాల్సినవాళ్లూ కొద్దిమంది ఉంటారు. పౌచ్ ఉన్నవాళ్లు బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు అప్పుడప్పుడూ చేయించుకోవాలి. పౌచ్ జోలికి వెళ్లకుండా మలాశయాన్ని లోపలే ఉంచేసినవాళ్లైతే దాన్ని మర్చిపోకూడదు. జబ్బు, క్యాన్సర్ ముప్పు అక్కడ మిగిలే ఉంటాయి కాబట్టి గొట్టం పరీక్ష తప్పనిసరి.

పెళ్లికావాల్సిన అమ్మాయిల తల్లిదండ్రులు అడగడానికి మొహమాటపడే విషయం ఇంకొకటుంది. పొత్తికడుపులో పౌచ్ కుట్టాక గర్భాశయం చుట్టూ అతుకులు ఏర్పడి గర్భం దాల్చడం కష్టం కావచ్చు. పొట్ట కోసి చేసే పాత పద్ధతిలో ఈ ఇబ్బంది దాదాపు మూడు రెట్లు పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. కీహోల్ పద్ధతిలో తక్కువ. పిల్లలు పుట్టాక పౌచ్ కుట్టించుకుంటామని ఆ విడతను వాయిదా వేసుకునేవాళ్లూ ఉన్నారు. మగవాళ్లలో కొద్దిమందికి అక్కడి నరాలు దెబ్బతిని దాంపత్యంలో సమస్యలు రావచ్చు. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్నలు. అడిగితే డాక్టర్ ఏమీ అనుకోరు.

ఆమె అడిగింది... నేర్పింది

ఒకప్పుడు ఈ సంచి బతుకు ఇప్పటికంటే ఎంతో కష్టం. పేగు చివర చర్మానికి సమానంగా ఉండి, కారిన రసాలు పొట్టంతా కాల్చేసేవి. ఇంగ్లండ్‌లో బ్రయాన్ బ్రూక్ అనే సర్జన్ 1952లో చొక్కా చేతిని మడిచినట్టు పేగు అంచును వెనక్కి మడిచి కుట్టే పద్ధతిని వివరించాడు. స్టోమా కాస్త పైకి నిలవడంతో విరేచనం సరిగ్గా సంచిలో పడటం మొదలైంది. పౌచ్ పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు అలన్ పార్క్స్, జాన్ నికోల్స్ 1978లో ప్రకటించారు. ఆ తిత్తిని ఇంగ్లిషు 'జె' అక్షరంలా మడిచే తేలికైన పద్ధతి 1980లో జపాన్ సర్జన్ ఉత్సునోమియా నుంచి వచ్చింది.

సర్జన్ల సంగతి అలా ఉంచితే, నాకు బాగా నచ్చినావిడ నార్మా గిల్. అమెరికాలో ఈ జబ్బుతోనే పేగు పోగొట్టుకుని సంచితో బతికిన ఇల్లాలు. తను పడిన పాట్లు ఇంకొకరు పడకూడదని తోటి రోగులకు నేర్పడం మొదలుపెట్టింది. ఆమెకు ఆపరేషన్ చేసిన క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో ఆమెనే ఆ పనికి ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఈరోజు పెద్ద ఆసుపత్రుల్లో కనిపించే స్టోమా నర్సుల వృత్తికి అదే మొదలు. ఇక రోల్ఫ్ బెనిర్ష్కే అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు 1979లో ఇదే జబ్బుతో పెద్దపేగు తీయించుకుని, మరుసటేడాదే మైదానంలోకి వచ్చాడు. మనవాళ్లకు ముంబయిలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. మీ ఆసుపత్రిలో స్టోమా నర్సు ఉన్నారేమో మొదటిరోజే అడగండి. డిశ్చార్జి అయ్యేలోపు సంచి మార్చడం రోగి ఒకసారి, ఇంట్లో ఇంకొకరు ఒకసారి తమ చేతులతో చేసి చూడాలి.

పెద్దమ్మ తీర్పు

సంచి ఉన్నన్నాళ్లూ అన్నయ్య దేవుడి గదిలోకి అడుగుపెట్టలేదు. పంక్తిలో కూర్చుని తినలేదు. ఎవరూ వద్దనలేదు... తనకు తనే మానేశాడు. ఖమ్మం ఆసుపత్రి నుంచి వచ్చాక ఓరోజు పెద్దమ్మ నాతో అంది, 'వాడు దీపం దగ్గరికి రావట్లేదమ్మా. నేనేమన్నా అన్నానా? మనందరి కడుపులో ఉన్నదే కదా. వాడిది కాస్త బయటికొచ్చింది, అంతే.'

ఆ మాట నేను అన్నయ్యకు చేరవేశాను. ఏమీ అనలేదు. మర్నాడు వదిన ఫోన్ చేసి, వంటింట్లో అందరితో కూర్చుని తిన్నాడని చెప్పింది. ఆ పూటే లెక్కల నోటుబుక్కు ఒకటి తీశాడట. ఎడంవైపు తాగింది, కుడివైపు సంచిలోకి వచ్చింది... మిల్లీలీటర్లలో. సాయంత్రానికి మూత్రం రంగెలా ఉందో కింద ఒక మాట. మజ్జిగలో ఉప్పు వేసే బాధ్యత పెద్దమ్మది.

ఈమధ్య వాళ్ల స్కూల్లో ఒక టీచరు తమ్ముడికి ఇదే ఆపరేషనైంది. అన్నయ్య ఆ నోటుబుక్కు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. కుర్రాడు దుప్పటి గుండెలదాకా లాక్కుని పడుకున్నాడట. అన్నయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒకటే అడిగాడు, 'ఇవాళ ఎంత తాగావు? ఎంత వచ్చింది?' ఆ ప్రశ్న అంత మామూలుగా ఎవరూ అడిగి ఉండరేమో... కుర్రాడు దుప్పటి తీసి లేచి కూర్చున్నాడట.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటివాళ్లుంటే పరామర్శకు పళ్లతోపాటు ఆ రెండు ప్రశ్నలూ తీసుకెళ్లండి.

వీటిని నిర్లక్ష్యం చేయొద్దు

* సంచిలోకి రోజుకు లీటరున్నరకు మించి రావడం, మూత్రం తగ్గి ముదురురంగులోకి మారడం, పిక్కలు పట్టేయడం, నిలబడితే కళ్లు తిరగడం.
* కొన్ని గంటలుగా ఏమీ రాకుండా నొప్పి, వాంతులు.
* స్టోమా ఎరుపు పోయి నల్లగానో, నీలంగానో మారడం.
* పౌచ్ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి విరేచనాలు పెరగడం, రక్తం, జ్వరం.
* ఆపరేషన్ తర్వాత కాలివాపు, ఆయాసం, ఛాతీలో నొప్పి.

వీటిలో ఏది కనిపించినా అదేరోజు డాక్టర్‌ను కలవాలి. రెండోది, మూడోది, చివరిదైతే క్షణం ఆగకూడదు.